2.60 లక్షలకు ఆక్టేవియా ఆర్‌ఎస్: తీసుకోవచ్చా, వద్దా?

(వీడియోలో మాట్లాడినదాన్నే చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇక్కడ పెడుతున్నాం.)

ఈరోజు ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడదాం. వరంగల్ నుంచి ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, ఎందుకంటే ఇంట్లో ఇంకా తెలీదంట. మెసేజ్ ఇదీ:

"అన్నా, 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. 2 లక్షల 60 వేలు చెప్తున్నారు. చిన్న చిన్న పనులున్నాయి అంటున్నారు. నా దగ్గర మూడేళ్లుగా దాచుకున్నవి 3 లక్షల 80 వేలు ఉన్నాయి. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ బండంటే పిచ్చి. తీసుకోనా?"

నేను తిరిగి రెండు మూడు ప్రశ్నలు అడిగాను. ఇంట్లో వేరే బండి ఏముంది? ఒక పాత స్ప్లెండర్. కారు దేనికి వాడతావు? "వీకెండ్ తిరగడానికి అన్నా. ఇంకా నాన్నని నెలకోసారి హైదరాబాద్ హాస్పిటల్‌కి తీసుకురావాలి, బస్సులో కూర్చోలేకపోతున్నాడు." ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఈ బండి గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. స్కోడా వాళ్లు 2004లో మన దేశంలో ఆక్టేవియా ఆర్‌ఎస్ దించారు. 1.8 లీటర్ పెట్రోల్ టర్బో, 150 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్. యూరప్‌లో ఇదే ఆర్‌ఎస్ 180తో వచ్చింది, మనకి 150తో ఇచ్చారు. ఇప్పుడు వింటే పెద్ద నంబర్ కాదు. కానీ ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఉన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి వంద కూడా లేదు. అందుకే అప్పట్లో స్కూల్ పిల్లలుగా ఉన్నవాళ్లందరికీ ఇదొక కల బండి అయిపోయింది. తర్వాత 2011లో లారా ఆర్‌ఎస్, 2017లో 230 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్‌ఎస్ వచ్చాయి. 2025 అక్టోబర్‌లో మళ్లీ ఒకటి తెచ్చారు, అది 100 బండ్లే, 49.99 లక్షలు. కాబట్టి ఆ పేరున్న బండి రెండున్నర లక్షలకి కనిపిస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. నాకూ పెడుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం. ఇంత మంచి బండి ఇంత తక్కువకి ఎందుకు వస్తోంది? అమ్మేవాడు పిచ్చోడా? కాదు కదా. పాత స్పోర్ట్స్ బండ్ల లెక్క మొత్తం ఒక్క దగ్గరే ఉంది: బండి రేటు ఏటేటా పడుతుంది, పార్టుల రేటు పడదు. ఈ కారు కొత్తగా ఉన్నప్పుడు 10 లక్షలు దాటిన బండి. దాని టర్బో, దాని క్లచ్, దాని ఏసీ కంప్రెసర్ ఇవాళ్టికీ ఆ స్థాయి బండి పార్టులే. కారు మాత్రమే ఆల్టో రేటుకి దిగింది. అంటే మీరు ఆల్టో డబ్బులు పెట్టి, ఆల్టో కాని ఖర్చుని ఇంటికి తెచ్చుకుంటున్నారన్నమాట. ఏనుగుని కొన్నాక అంకుశం దగ్గర బేరమాడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, "బండి రేటెంత" అని అడగకండి, "బండి రోడ్డు మీద నమ్మకంగా తిరగడానికి మొత్తం ఎంత అవుతుంది" అని అడగండి. తమ్ముడి బండికే లెక్క వేద్దాం. అమ్మేవాళ్లు వాళ్లంతట వాళ్లే చెప్పినవి: ఏసీ పని చేయట్లేదు, టర్బో దగ్గర కొంచెం ఈల శబ్దం, ఇంజిన్ లైట్ వెలుగుతోంది, ముందు చక్రాల దగ్గర గుంతల్లో టకటక. నేను తెలిసిన ఒక ఉస్తాద్‌కి ఫోన్ చేసి, ఆ జాబితా చదివి, ఉజ్జాయింపుగా చెప్పమన్నాను. టైమింగ్ బెల్ట్ కిట్టు, వాటర్ పంప్ కలిపి 28 వేలు. టర్బో విప్పి రిపేర్ చేయిస్తే 40 వేలు. ఏసీ 32 వేలు. ముందు సస్పెన్షన్ బుష్‌లు, నాలుగు షాక్ అబ్జార్బర్లు 45 వేలు. కాయిల్స్, ప్లగ్గులు 18 వేలు. పైపులు, సెన్సర్లు, ఆయిల్, చిల్లర సామాను 22 వేలు. టైర్లు ఫోటోలో చూస్తేనే అయిపోయాయి, నాలుగు కలిపి 30 వేలు. మొత్తం 2 లక్షల 15 వేలు. షెడ్డుని బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ సగానికి సగం తగ్గదు.

2.60కి 2.15 కలపండి. 4 లక్షల 75 వేలు. తమ్ముడి దగ్గర ఉన్నది 3.80. అంటే ఇంజిన్ విప్పకుండానే, కొత్తగా ఏదీ బయటపడకుండానే 95 వేలు తక్కువ. మరి పాత టర్బో బండి విప్పితే కొత్తగా ఏదీ బయటపడదా? నవ్వొస్తుంది.

ఈ ఇంజిన్ గురించి కొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే ఇక్కడే అసలు ఆట ఉంది. ఈ 1.8 టర్బో ఒక్క స్కోడాది కాదు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, పస్సాట్, ఆడీ ఏ4, ఆడీ టీటీ, వీటన్నిటిలో ఈ కుటుంబం ఇంజినే వాడారు. సిలిండర్‌కి 5 వాల్వులు, మొత్తం 20. ఇది మనకి మంచి వార్త. ప్రపంచం మొత్తం మీద లక్షల బండ్లలో ఉంది కాబట్టి పార్టులు దొరుకుతాయి, దాని జబ్బులన్నీ అందరికీ తెలుసు. తెలియని జబ్బు కంటే తెలిసిన జబ్బు నయం.

మొదటి జబ్బు, టైమింగ్ బెల్ట్. ఇది రబ్బరు బెల్టు, చైన్ కాదు. తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులని గుద్దేస్తాయి, హెడ్డు మొత్తం విప్పాల్సిందే. కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్క. తిరగకుండా నిలబెట్టిన బండిలో కూడా రబ్బరు ముసలిదవుతుంది. "ఈమధ్యే మార్చామండీ" అంటారు. బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, దాంట్లో మొహమాటం లేదు. ఈ బెల్టే వాటర్ పంప్‌ని కూడా తిప్పుతుంది. పాత పంపుల్లో నీటిని తోసే రెక్కలు ప్లాస్టిక్‌వి, అవి విరిగిపోవడం ఈ ఇంజిన్లలో మామూలే. అందుకే బెల్టు మార్చినప్పుడే, రెక్కలు మెటల్‌వి ఉన్న పంప్ వేయించుకుంటారు తెలిసినవాళ్లు.

రెండో జబ్బు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇది కనిపించదు. ఆయిల్ బురద. టర్బో వేడికి ఆయిల్ ఉడికిపోతుంది. మంచి ఫుల్ సింథటిక్ ఆయిల్ పోయకుండా, లేదా టైమ్‌కి మార్చకుండా నడిపితే, అది కింద సంప్‌లో తారులాగా గడ్డకడుతుంది. ఆయిల్‌ని పైకి పీల్చే గొట్టానికి ఒక జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోతుంది. అప్పుడు పైన టర్బోకి, కింద బేరింగులకి ఆయిల్ అందదు. ఐదో ఓనర్, ఆరో ఓనర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఏ ఆయిల్ పోశారో దేవుడికే తెలియాలి. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బండిని అరగంట బాగా నడపండి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. తర్వాత ఆపకుండా న్యూట్రల్‌లో వదిలేసి, మీటర్ మీద ఎర్ర ఆయిల్ గుర్తుని చూస్తూ ఉండండి. అది మిణుకుమన్నా, బీప్ కొట్టినా, అక్కడితో ఆపేయండి. "సెన్సర్ ప్రాబ్లమ్ సార్" అంటారు. నిజంగా సెన్సరే కావచ్చు కూడా. కానీ సెన్సర్ మార్చి చూపించే బాధ్యత అమ్మేవాళ్లది, మీది కాదు.

మూడోది టర్బో. దాని ముందు గాలి పైపు ఊడదీయడం పెద్ద పనేం కాదు, పది నిమిషాలు. లోపల చిన్న ఫ్యాన్ లాంటిది కనిపిస్తుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, వేలితో కదపండి. పక్కలకి కొంచెం కదిలితే ఫర్వాలేదు, ఆయిల్ పొర కోసం ఆ మాత్రం సందు ఉంటుంది. ముందుకీ వెనక్కీ లాగితే వస్తోందంటే పని అయిపోయినట్టే. ఈల శబ్దం మాత్రం ప్రతిసారీ టర్బోది కాదు. ఈ బండిలో రబ్బరు పైపులు, గాలి పైపులు చాలా ఉన్నాయి, ఇరవై ఏళ్లకి అన్నీ పగుళ్లిచ్చి ఉంటాయి. ఒక పగిలిన పైపు వల్ల కూడా ఈల వస్తుంది, ఇంజిన్ లైట్ కూడా వెలుగుతుంది. అంటే 40 వేల పని కాస్తా వెయ్యి రూపాయల పనిగా తేలొచ్చు. తేలకపోవచ్చు కూడా. అందుకే చూడకుండా రేటు కట్టకూడదు.

చూడ్డానికి ఎలా వెళ్లాలి? ముందే ఫోన్ చేసి "నేను వచ్చేవరకు బండి స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే మొదట బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారేమో అని ఒక ప్రశ్న రాసుకోండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడే నిజం మాట్లాడుతుంది. సైలెన్సర్ దగ్గర ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ కాసేపట్లో ఆగితే అది తేమ, ఆగకుండా వస్తూ తియ్యటి వాసన కొడితే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది, అది అంత భయపడాల్సింది కాదు.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. ఇది అడిగితే కొంతమంది మొహం మాడ్చుకుంటారు. అడగండి, అడగడానికి సిగ్గెందుకు? నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టడం. నాలుగు రీడింగులూ దగ్గర దగ్గరగా ఉండాలి. మూడు బాగుండి ఒకటి కింద ఉంటే ఆ సిలిండర్‌లో వాల్వో రింగులో పోయినట్టు. దీనికి ఖర్చు కొన్ని వందలు. దీనివల్ల ఆగే నష్టం లక్షల్లో.

స్కానర్ గురించి. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ డబ్బాలు చవగ్గానే దొరుకుతాయి. ఇలాంటి స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లకి వీసీడీఎస్ అనే కేబుల్ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది, అన్ని కంప్యూటర్లనీ చదువుతుంది. ఒక చిట్కా చెప్తాను. ఇంజిన్ లైట్ వెలగట్లేదని సంబరపడకండి. మీరు వస్తున్నారని పొద్దున్నే తుడిచేసి ఉండొచ్చు. తుడిచిన వెంటనే బండి తన సెల్ఫ్ చెకింగులని మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. స్కానర్‌లో అవన్నీ "ఇంకా పూర్తి కాలేదు" అని చూపిస్తే, ఎవరో ఈమధ్యే తుడిచారన్నమాట.

మరొకటి, వరద బండ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు, 2015లో చెన్నై. ఎన్ని కార్లు మునిగాయో మనమందరం చూశాం. అవన్నీ తుక్కు కాలేదు. కొన్ని కడుక్కుని, సెంటు కొట్టుకుని మళ్లీ మార్కెట్‌కి వచ్చాయి. సీట్ బెల్టుని చివరిదాకా లాగండి, లోపలి భాగంలో మట్టి గీత ఉందా చూడండి. సీటు కింద పట్టాలకి తుప్పు, కార్పెట్ కింద బురద వాసన, స్టెప్నీ గుంతలో ఎండిన మట్టి. ఈ బండి కంప్యూటర్ల మీద నడిచే బండి, మునిగితే మాత్రం ఇక దాంతో వేగలేం.

టైర్ల మీద నాలుగు అంకెల నంబర్ ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనట్టు. గీతలు బాగున్నా సరే, ముసలి టైరు ముసలి టైరే. ఫోటోలో తళతళ మెరిసేది పాలిష్.

సరే, బండి బాగుందనుకుందాం. కాగితాలు? ఇక్కడే తమ్ముడి కేసులో ఒక కిటుకు బయటపడింది. బండి నంబర్ అడిగి ఎంపరివాహన్‌లో కొట్టి చూడమన్నాను. మొదటి సంగతి, అమ్మేవాళ్లు సెకండ్ ఓనర్ అన్నారు, అందులో ఐదో ఓనర్ అని వచ్చింది. రెండో సంగతి, రిజిస్ట్రేషన్ 2005 నవంబర్‌ది. కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. 2020లో రెన్యువల్ చేయించారు, అది ఐదేళ్లు. అంటే 2025 నవంబర్‌తో అయిపోయింది. బండి ఎందుకు అమ్ముతున్నారో ఇప్పుడు అర్థమైందా?

ఆర్సీ గడువు దాటిన బండి రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదొక్క సాకు చాలు. రెన్యువల్ అంటే బండిని ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్లి ఇన్‌స్పెక్షన్ చేయించాలి, పొల్యూషన్ పాస్ కావాలి. పైగా 2025 ఆగస్టులో కేంద్రం ఫీజులు పెంచింది, 20 ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 10 వేలు. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఫీజు పెద్ద సమస్య కాదు, పాస్ అవ్వడం సమస్య. ఇంజిన్ లైట్ వెలుగుతూ, నీలం పొగ కక్కుతూ ఉన్న బండి పొల్యూషన్ పాస్ అవుతుందా? కాబట్టి ఇలాంటి బండికి నా రూల్ ఒకటే. రెన్యువల్ అమ్మేవాళ్ల పేరు మీద, అమ్మేవాళ్ల ఖర్చుతో ముందు అవ్వాలి. ఆ తర్వాతే డబ్బులు. "మీరే చేయించుకోండి, ఐదు వేలు తగ్గిస్తాం" అంటే లేచి వచ్చేయడమే.

మిగతా కాగితాలు త్వరగా చెప్పేస్తాను. పేరు మార్చడానికి ఫామ్ 29, ఫామ్ 30. లోన్ ఉండి ఉంటే బ్యాంకు నుంచి ఫామ్ 35, ఎన్‌వోసీ. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఎన్‌వోసీ, అది ఫామ్ 28, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఢిల్లీ నుంచి పాత బండ్లు చవగ్గా వస్తున్నాయని ఎగబడేవాళ్లు ఈ ట్యాక్స్ మర్చిపోతుంటారు. బండి మీద ఉన్న చలాన్లు కూడా చూసుకోండి, మీ నెత్తి మీద పడతాయి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోపు అప్లై చేయాలి. పాత ఓనర్‌ది నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది ఆయనది. ఐదేళ్లు దాటిన బండికి విలువ ఎంతన్నది మీరూ కంపెనీ మాట్లాడుకుని పెట్టుకునేదే. 20 ఏళ్ల బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. థర్డ్ పార్టీ మాత్రం తప్పనిసరి.

రీమ్యాప్ సంగతి కూడా చెప్పాలి. ఈ ఆర్‌ఎస్‌లలో చాలావాటికి ఎవరో ఒకరు ఈసీయూ ట్యూన్ చేయించి ఉంటారు, 180, 200 అని చెప్తారు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పేసింది. చట్టం పక్కన పెట్టినా, ఆ టర్బో, ఆ క్లచ్ ఎన్నేళ్లు ఎక్కువ బరువు మోశాయో ఆలోచించండి. నేనైతే "స్టేజ్ వన్ చేయించిన బండి" అనగానే రేటు తగ్గించి మాట్లాడతాను. వాళ్లేమో పెంచి మాట్లాడతారు.

ఒక్క మాట పెట్రోల్ మీద. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లని దానికి తగ్గట్టు తయారు చేస్తున్నారు. 2005 బండి రబ్బరు పైపులు, సీళ్లు దానికోసం చేసినవి కావు. వెంటనే పేలిపోతుందని కాదు. పాత ఫ్యూయల్ పైపులు మార్చే ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి.

ఇంత భయపెట్టాక నా సొంత కథ చెప్పకపోతే అన్యాయం. పదేళ్ల కిందట నేనూ ఒక పాత టర్బో కారు కొన్నాను. ఏ బండో, ఏ షెడ్డో చెప్పను. లక్షా 90 వేలు. చేతిలో ఇంకో 40 వేలు ఉన్నాయి, చాలులే అనుకున్నాను. రెండో వారం వేడెక్కి ఆగిపోయింది. హెడ్డు విప్పారు. ఒక పార్టు వేరే ఊరి నుంచి రావాలన్నారు. డబ్బుల్లేక రెండు నెలలు ఆగాను. ఆ రెండు నెలల్లో షెడ్డులో వేరే బండ్ల పనికి నా బండి బోల్టులు, క్లిప్పులు వాడేశారు. ఐదు నెలల తర్వాత చూడ్డానికి వెళ్తే సీటు మీద పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. నిజంగా. చివరికి 70 వేలకి అమ్మేశాను. ఇంతకీ ఆ బండి చెడ్డది కాదు, దాన్ని కొన్నవాడు ఇంకోడు బాగు చేసుకుని ఇవాళ్టికీ తిప్పుతున్నాడు. అతని దగ్గర రెండు ఉన్నాయి, నా దగ్గర లేవు: ఓపిక పట్టడానికి ఇంకో కారు, ఆగకుండా పెట్టడానికి డబ్బు.

అందుకే ఎవరైనా అడిగితే నేను మొదట బండి గురించి అడగను. ఈ కారు మూడు నెలలు షెడ్డులో ఉంటే నీ రోజు గడుస్తుందా? కొన్న రేటుకి సమానంగా ఇంకో మొత్తం విడిగా ఉందా, అదీ అప్పు కాకుండా? ఈ ఇంజిన్ని ఇంతకుముందు విప్పిన చెయ్యి నీకు అందుబాటులో ఉందా? మూడింటికీ అవును అంటే, కొనండి సార్, ఎంజాయ్ చేయండి. ఆటోనగర్‌లో పార్టుల కోసం తిరగడంలో కూడా ఒక మజా ఉంది. రెండో గేరులో టర్బో అందుకున్నప్పుడు వచ్చే ఆ తోపు ఇప్పటి కార్లలో వేరేగా ఉంటుంది, అది చెప్తే అర్థమయ్యేది కాదు.

తమ్ముడి విషయంలో మొదటిదానికి లేదు, రెండోదానికి లేదు, మూడోది నేను ఫోన్ చేసి ఇప్పిస్తే ఉంది. కానీ నన్ను ఆపింది ఈ లెక్క కాదు. నాన్నని నెలకోసారి హాస్పిటల్‌కి తీసుకురావాలన్నాడు చూడండి, అది. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. బస్సులో కూర్చోలేని మనిషిని మే నెలలో, ఏసీ లేని, ఎప్పుడు ఆగుతుందో తెలియని బండిలో ఎక్కించి, జనగామ దగ్గర హైవే పక్కన నిలబెడతావా? ఆయన చెకప్ డేట్ బండి మూడ్‌ని బట్టి మారదు కదా. ఇదే మాట చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను అనుకుంటా, రెండు రోజులు రిప్లై లేదు.

మూడో రోజు, "అన్నా, అయినా ఒక్కసారి చూస్తాను" అన్నాడు. సరే అని ఉస్తాద్‌ని తోడు పంపాను. ఆదివారం వెళ్లారు. స్టార్ట్ చేయొద్దని చెప్పినా బానెట్ వెచ్చగానే ఉందంట. కంప్రెషన్ మాత్రం నాలుగు సిలిండర్లూ దాదాపు సమానం, చాలా బాగుంది. ఈల శబ్దం నిజంగానే పగిలిన పైపుదే. అక్కడిదాకా తమ్ముడు గాల్లో తేలుతున్నాడు. అరగంట నడిపాక న్యూట్రల్‌లో పెట్టారు. ఎర్ర ఆయిల్ గుర్తు మిణుకుమంది. ఒక్కసారి కాదు, మూడు సార్లు. టైమింగ్ బెల్ట్ బిల్లు అడిగితే "ఇంట్లో ఎక్కడో ఉంది" అన్నారు.

ఉస్తాద్ ఇచ్చిన సలహా: సంప్ విప్పి జల్లెడ చూడనిస్తే, రెన్యువల్ వాళ్లే చేయించి ఇస్తే, లక్షన్నర. లేకపోతే వద్దు. అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. పది వేలు తగ్గిస్తాం అన్నారు. తమ్ముడు బయటికొచ్చి, గేటు దగ్గర నిలబడి బండికి నాలుగు ఫోటోలు తీసుకుని బస్సెక్కాడు.

ఇప్పుడు అతను ఏం చూస్తున్నాడంటే, 2018, 19 ప్రాంతం బలెనో ఆర్‌ఎస్. ఒక లీటర్ టర్బో, 102 హార్స్‌పవర్, మారుతి సర్వీస్ ఎక్కడైనా దొరుకుతుంది. టర్బో పార్టులు మామూలు బలెనో అంత తేలిక కాదు, అది కూడా చెప్పాను. దానికి అతని డబ్బులకి పైన ఇంకొంచెం కావాలి, ఇంకో ఏడాది దాచాలేమో. పోలో జీటీ టీఎస్‌ఐ గురించి కూడా అడిగాడు. పాత 1.2 దాంట్లో ఉండేది 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, గేర్‌బాక్స్ పని వస్తే మళ్లీ ఇదే కథ. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం.

నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఇంట్లో మొత్తం చెప్పేశాడంట, ఆర్‌ఎస్ ఫోటోలు కూడా నాన్నకి చూపించాడంట. ఆయన కళ్లజోడు పెట్టుకుని నాలుగు ఫోటోలూ తిప్పి తిప్పి చూసి, అడిగిన మొదటి ప్రశ్న: "బాగుందిరా. ఏసీ పని చేస్తదా?"

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం డీఎస్‌జీ గేర్‌బాక్స్‌తో కలుద్దాం.